అతుకు కనిపించని సైన్యం

మా పిన్ని పళ్లు చేస్తుంది. డాక్టరు కాదు. డాక్టరు నోరు తెరిపించి, అచ్చు తీసి పంపిస్తాడు. ఆ అచ్చు ముందు పెట్టుకుని పన్ను చెక్కేది, చిగుళ్లు పోసేది, పక్కపన్నుతో రంగు కలిపేది మా పిన్ని. ఇరవై రెండేళ్లుగా అదే పని. తక్కువలో తక్కువ మూడు వేలమంది ఆవిడ చేసిన పళ్లతో నవ్వుతున్నారు, నములుతున్నారు, పక్కింటివాళ్లని తిడుతున్నారు. వాళ్లలో ఒక్కరికీ ఆవిడెవరో తెలియదు.

ఈ పనికి ఒక దిక్కుమాలిన ధర్మం ఉంది. ఎంత బాగా చేస్తే అంత కనబడదు. "నీ కట్టుడు పన్ను భలే ఉందే అని ఎవరైనా అన్నారనుకో, మనం తగలేసినట్టే" అంటుంది పిన్ని. "అది కట్టుడు పన్నని వాడికెలా తెలిసింది మరి?"

ఇంకో ధర్మం, ఆవిడకి పని నేర్పిన పెద్దాయన పెట్టింది. డాక్టరుకి తప్ప సగం చేసిన ముక్క ఎవరికీ చూపించకూడదు. సగంలో చూసినవాడికి ఇక చచ్చేదాకా ఆ సగమే కళ్లముందు ఆడుతుందట. అందుకని పిన్ని బల్ల మీద ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ ఉంటుంది. ఎవరొచ్చినా ముందు గుడ్డ కప్పి, తర్వాత కూర్చోమంటుంది.

ఈ రెండు ధర్మాలూ కలిసి ఆవిణ్ణి ఇంచుమించు ముంచాయి.

పోయిన ఏడాది ఒక ముసలి డాక్టరు పళ్ల అచ్చులతో పాటు ఒక బొమ్మని పంపాడు. బొటనవేలి పై కణుపంత సైనికుడు. చెయ్యి విరిగింది. అతకగలవేమో చూడమ్మా అని చీటీ. యుద్ధం ఆట అని ఒకటుంది. పెద్ద బల్ల మీద అట్టతో చేసిన కొండలూ ఇళ్లూ పెట్టి, ఇలాంటి సైన్యాలని ఎదురెదురుగా నిలబెట్టి, టేపుతో కొలిచి నడిపిస్తూ, పాచికలు వేసి కొట్టుకుంటారు. ఆడేది పిల్లలు కాదు, గడ్డాలు నెరిసినవాళ్లు. సైనికులు కొట్లో ముక్కలుగా దొరుకుతారు. అతికించుకోవడం, రంగులేసుకోవడం ఎవరి సైన్యానికి వాళ్లే. ఈ డాక్టరు కూడా ఆడేవాడు, చూపు మందగించి మానేశాడు. పిన్ని అతికిన చెయ్యి చూసి, మర్నాడు ఏకంగా ఒక అట్టపెట్టె పంపాడు. అన్నీ విరిగినవే, ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం అన్నాడు.

పిన్ని ఆ పెట్టెని భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి బోర్లించింది. తలల్లేని మొండాలు, కాళ్లు లేని గుర్రాలు, ఎవరివో తెలియని చేతులు. లిఫ్టులు బాగుచేసే మా బాబాయి స్నానం చేసి వచ్చి చూశాడు.

"ఏమిటే ఇది? బొమ్మల ఆస్పత్రి పెట్టావా?"

"మీరు అటు కూర్చుని తినండి."

"ఎటు కూర్చోమంటావ్? అటు గుర్రాలు చచ్చి పడున్నాయి."

పిన్ని వినడంలేదు. తలలున్నవాటిని వరసగా నిలబెట్టి భూతద్దంతో చూస్తోంది. అప్పుడు ఆవిడ మొహంలో వచ్చిన చిరాకు నాకింకా గుర్తుంది. కాలేజీ మానేసి ఆ ఏడాదంతా నేను వాళ్లింట్లోనే ఉన్నాను, నా మీద కూడా ఆవిడ ఎప్పుడూ అంత చిరాకు పడలేదు.

"ఒరేయ్, ముప్పై ఆరుమందికీ ఒకటే మొహం రా! అచ్చుగుద్దినట్టు! ఒక కడుపున పుట్టినా ఇంత పోలిక ఉండదు. ఒకడి పన్ను ఒకడికి సరిపోదు, ఈ మొహమెలా సరిపోయిందిరా అందరికీ?"

అలా మొదలైంది. పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటిదాకా, కిటికీ పక్కన, పగటి వెలుతురులో. రంగు చూడాలంటే పగటి వెలుతురే కావాలంటుంది, బల్బుని నమ్మదు. ఎనిమిది నెలలు.

ఆవిడ పనిముట్లన్నీ పళ్లు చేసే ల్యాబ్‌వే. మైనం చెక్కే కత్తి, ఆవగింజంత ముఖం ఉన్న ఆకురాళ్లు, పళ్లకి కట్టే ఉక్కు తీగ. మొండేన్ని నడుము దగ్గర కోసి, లోపల తీగ దింపి, ఒంచి, ఆ సందుని చిగుళ్లు పోసే గులాబిరంగు ముద్దతో నింపేది. పొడిలో ఘాటైన ద్రవం కలిపితే ముద్దవుతుంది, కాసేపట్లో రాయవుతుంది. అది గట్టిపడ్డాక అరగదీసి, ముడతలు చెక్కి, పైన రంగులు. రంగు పాలంత పలచగా ఉండాలి, నాలుగు పూతలు. ముడతల్లోకి నల్లనీళ్లు వదలాలి. చివర్న పొడి కుంచెతో అంచుల్ని ముట్టీముట్టనట్టు తుడవాలి.

అప్పటిదాకా కొయ్యబారి నిలబడ్డ సైనికుల్లో ఒక్కొక్కడే మనిషవడం మొదలుపెట్టాడు. ఒకడు నిలబడే కునుకు తీస్తున్నాడు, వాడు వాళ్ల ల్యాబ్ వాచ్‌మన్. గుర్రం మీద కూర్చుని అందరూ వస్తున్నారా లేదా అని వెనక్కి చూసేవాడు ల్యాబ్ ఓనరు. రెండో వరసలో ఈటె నేలకి ఆనించి, నడుం మీద చెయ్యేసుకుని, పక్కవాణ్ణి కడిగేస్తున్నది మా అమ్మ.

"అక్కకి చెప్పకు" అంది పిన్ని.

"చెప్పక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది. నోరు తెరిచే ఉంది."

"మూసి కూడా చేసి చూశాన్రా. పోలిక రాలేదు."

బొజ్జ మీద బెల్టు బిగించుకోలేక అవస్థపడేవాణ్ణి చూసి బాబాయి రెండు రోజులు పిన్నితో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "కనీసం కత్తైనా పెద్దది ఇవ్వవే" అన్నాడు. ఇచ్చింది.

నేను మధ్యలో ఫోన్ తీసి ఫోటోలు తీయబోతే మాత్రం గుడ్డ కప్పేసేది. "సగంలో ఉందిరా. పూర్తయ్యాక తీసుకో." నేనూ బలవంతం చేయలేదు. చేసుంటే బాగుండేది.

ఆదివారాలు ఆ ఆట ఆడేచోటు నేనే కనిపెట్టాను. సోఫాల దుకాణం పైన పొడవాటి హాలు, పది బల్లలు. పిన్నిని స్కూటరు మీద తీసుకెళ్లాను. లోపలికి వెళ్లకుండానే ఆవిడ గుమ్మం పక్కన ఆగిపోయింది. అక్కడ ఒక అద్దాల బీరువా, లోపల దీపం, మూడు అరల్లో ఒక సైన్యం. వచ్చినవాళ్లంతా ముందు అక్కడ ఆగి, అద్దానికి ముక్కు ఆనించి చూసి, అప్పుడు లోపలికి వెళ్తున్నారు. చేసినవాడు, అరచేతిలో పాచికలు ఆడించుకుంటూ, ఏ రంగు ఎలా వేశాడో ఇద్దరికి వివరిస్తున్నాడు. వాడి గొప్పలు చూసి హాల్లో అందరూ వాణ్ణి సేనాపతి అనేవారు. వాడది వెటకారమని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ హాలు నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. పిన్ని వెళ్లి సూటిగా అడిగింది.

"మాస్టారూ, ఇందులో పెట్టించుకోవాలంటే ఏం చేయాలండీ?"

"ఏడాదికోసారి పోటీ అమ్మా. ఆటకి వేరే బహుమతి. సైన్యం పనితనానికి ఈ బీరువా. గెలిచినవాళ్ల సైన్యం ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. రంగులకి ఇరవై మార్కులు, బొమ్మల్ని కోసి మార్చినందుకు ఇరవై. సొంత చేతిపనే ఉండాలి. డబ్బులిచ్చి చేయించుకుని తెచ్చారని తేలితే ఆట లేదు, బీరువా లేదు, పెట్టె సర్దుకుని వెళ్లిపోవడమే."

తిరిగి వస్తుంటే స్కూటరు వెనక నుంచి పిన్ని నా భుజం మీద గట్టిగా చరిచింది. బ్రేకు వేశాను.

"నాకా బీరువా కావాల్రా."

"ఇక్కడ ఆపి చెప్పాలా?"

"ఇరవై రెండేళ్లు కనబడకుండా ఉండటానికే పనిచేశాను. ఒక్క ఏడాది నేను చేసింది నలుగురూ నిలబడి చూడాలి. ఇది ఎవరు చేశారు అని అడగాలి. అంతే. పద."

పోటీ రోజు పిన్ని ముప్పై ఆరుమంది కాల్బలాన్నీ ఆరు గుర్రాలనీ పళ్ల సెట్లు పంపే డబ్బాల్లో దూది మధ్య పడుకోబెట్టి తెచ్చింది. బల్ల మీద నిలబెడుతుంటేనే చుట్టూ మూగారు. కునికేవాణ్ణి చూసి నవ్వారు. మా అమ్మని చూసి ఒకాయన, "అచ్చం మా వదినండీ" అన్నాడు. పిన్ని మొహం వెలిగిపోయింది.

మాస్టారు భూతద్దం తెచ్చి ఒక్కొక్కణ్ణీ తిప్పి చూశారు. పావుగంట. రంగులకి ఇరవైకి పంతొమ్మిది వేశారు. తర్వాత పెన్ను ఆపేశారు.

"అమ్మా, ఇందులో మీరు మార్చినవి ఏవి?"

"అన్నీనండీ."

"ఎక్కడ కోశారు? ఎక్కడ అతికారు? నాకొక్క అతుకూ కనబడటంలేదే."

"కనబడకూడదు కదండీ!" అంది పిన్ని, మెచ్చుకుంటున్నారనుకుని.

మాస్టారు మెచ్చుకోవడంలేదు. సేనాపతి పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "మాస్టారూ, ముక్కుసూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. చేత్తో మారిస్తే ఎంత మొనగాడిదైనా ఎక్కడో ఒక గీత దొరుకుతుంది. నాది చూడండి, నాలుగు చోట్ల దొరుకుతుంది. ఇవి ఏదో కంపెనీ ఇలాగే పోసి అమ్ముతున్నవి. కొనుక్కొచ్చారు."

"ఏ కంపెనీ పోస్తుందండీ మా అక్కని?" అంది పిన్ని.

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "చేస్తున్నప్పటి ఫోటోలు ఉంటాయిగా అమ్మా? అవి చూపిస్తే సరిపోతుంది."

పిన్ని నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఎనిమిది నెలల్లో ఒక్క ఫోటో లేదు. ఉన్నవన్నీ పూర్తయినవాటివే. నాకు ఒళ్లు మండింది. ఏ పనితనం చూసి బీరువాలో పెట్టాలో ఆ పనితనమే ఆవిడ మీద సాక్ష్యం చెబుతోంది! ఏదో అనబోయాను, పిన్ని నా చెయ్యి నొక్కింది.

"సగంలో ఎవరికీ చూపించే అలవాటు లేదండీ" అంది మెల్లగా.

"మరైతే నేనేం చేయను? మార్పులకి సున్నా వేయాలి. పైగా ఫిర్యాదు వచ్చింది కాబట్టి రుజువు లేకపోతే..." మాస్టారు మాట పూర్తిచేయలేదు. పెట్టె సర్దుకోమనడమే మిగిలింది.

పిన్ని కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. కళ్లజోడు పెట్టుకుంది.

"ఇప్పుడు భోజనాల విరామం ఎంతసేపండీ?"

"గంటంపావు."

"ఒక బొమ్మ ఇవ్వండి. ఎవరిదైనా సరే. ఇక్కడే, మీ అందరి ముందు మారుస్తాను."

హాలు గుసగుసలతో నిండిపోయింది. సేనాపతి తన పెట్టె తెరిచి ఒక అదనపు సైనికుణ్ణి తీసి బల్ల మీద పెట్టాడు. ముదురు ఎరుపు అంగీ, బంగారు అంచు, కత్తి పైకెత్తి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. సేనాపతిలాగే.

"వీణ్ణి కూర్చోబెట్టండి చూద్దాం. రంగు కూడా కలవాలి. నా ఎరుపు కొట్లో దొరికేది కాదు, ముందే చెబుతున్నాను."

"కూర్చుని ఏం చేయాలండీ వీడు?" అడిగింది పిన్ని.

"మీ ఇష్టం."

పిన్ని సంచిలోంచి పనిముట్లు తీసింది. దారిలో ఏదైనా విరిగితే అతకడానికని తెచ్చుకున్నవే. సన్నటి రంపంతో సైనికుడి రెండు తొడలూ మొదట్లో కోసేసింది. తర్వాత మోకాళ్లు. కత్తి ఎత్తిన చెయ్యి భుజం దగ్గర, కత్తి పిడికిలి దగ్గర. సేనాపతి ప్రతి కోతకీ తనకే తగిలినట్టు కళ్లు మూసుకున్నాడు. పది నిమిషాల్లో వాడు ఏడు ముక్కలయ్యాడు. చేత్తో తిప్పే సన్న డ్రిల్లుతో రంధ్రాలు చేసి, ఉక్కు తీగ దింపి, ఒక్కో ముక్కనీ వంచి కూర్చింది. ఇప్పుడు సందుల్లో తీగ బయటికి కనబడుతూ, తోలుబొమ్మలా ఉన్నాడు.

చిన్న గాజు గిన్నెలో గులాబిరంగు పొడి పోసి, ద్రవం చుక్కలు వేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"పిన్నీ, టైమైపోతోంది" అన్నాను.

"తెలుసు."

"పెట్టెయ్ మరి!"

"ఇప్పుడు నీళ్లలా ఉందిరా. ఇప్పుడు పెడితే ఈ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ముద్దవ్వాలి. ఇది నీ చదువు కాదు, మధ్యలో లేచిపోవడానికి."

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏం చేస్తాం. బాబాయి మాత్రం కాలు కాలిన పిల్లిలా బల్లల మధ్య తిరుగుతున్నాడు. కనబడినవాళ్లకల్లా, "ముద్దవ్వాలండీ, ముద్దవ్వకుండా పెట్టకూడదు" అని, తనే కనిపెట్టినట్టు చెబుతున్నాడు.

నాలుగో నిమిషంలో పిన్ని సూదితో గుచ్చి చూసింది. దారంలా సాగింది. అప్పుడిక ఆవిడ చేతుల్ని చూడాలి. చిటికెలో సందులన్నీ నిండాయి, తొడ మీద అంగీ ముడత వచ్చింది, మోకాలి చిప్ప వచ్చింది, కింది పెదవి మీదకి పన్ను వచ్చింది. ఎర్ర సైనికుడికి కీలుకీలునా చిగుళ్లు మొలిచినట్టుంది. వెనకనుంచి ఎవరో, "వీడికి మోకాళ్లతో నమిలే వరం ఇచ్చారండోయ్" అన్నారు. సేనాపతి మాత్రం నవ్వడం మానేశాడు. ఒంగి దగ్గరగా చూస్తున్నాడు.

గట్టిపడ్డాక అరగదీసింది. పైన బూడిదరంగు పూత వేసి కిటికీ గాలికి ఆరబెట్టింది. ఇక ఇరవై రెండు నిమిషాలే ఉన్నాయి. సేనాపతి సైన్యంలోంచి ఇంకో సైనికుణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో పట్టుకుని చూసింది. తిరిగొచ్చి బొటనవేలి గోరు మీద ఎరుపు కలిపింది. గోధుమరంగు చుక్క కలిపింది. సైనికుడి పక్కన గోరు పెట్టి చూసుకుంది, తల అడ్డంగా ఊపింది. మళ్లీ చూసింది.

"ఇందులో మీరు ఆకుపచ్చ వేశారు కదండీ? చాలా కొంచెం?"

సేనాపతి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "ఎలా తెలిసింది? అది నేను మా ఇంట్లో కూడా చెప్పలేదు!"

"పళ్లన్నీ తెల్లగానే ఉంటాయనుకుంటారండీ మీరు. మేము ఒక తెలుపులో పదహారు తెలుపులు చూస్తాం" అంది పిన్ని, కుంచె ఎత్తకుండానే. "మీ పై పలువరసలో ఎడమ పక్క పన్ను నేను చేసిందే అనుకుంటా. దాని పక్కపన్నుకున్న ఆ సొట్ట అచ్చులో కూడా ఉండేది."

వాడు టక్కున నోరు మూసుకున్నాడు. ఆ హాల్లో అంత నవ్వు నేను మళ్లీ వినలేదు.

గంట మోగడానికి రెండు నిమిషాల ముందు పిన్ని కుంచె కింద పెట్టింది. మాస్టారు సైనికుణ్ణి అరచేతిలోకి తీసుకున్నారు. ఛాతీ విరిచి నిలబడ్డ ఆ వీరుడు ఇప్పుడు నేల మీద కూర్చున్నాడు. కత్తి పక్కన పడేశాడు. కాలు కాలు మీద వేసుకుని, పెదవి కొరుక్కుంటూ, అరికాల్లో ముల్లు తీసుకుంటున్నాడు. ఒక రాజు కోసం ఎంత దూరం నడిచొచ్చాడో వాడి వీపు చూస్తేనే తెలిసిపోతోంది.

మాస్టారు భూతద్దం సేనాపతికిచ్చారు. "అతుకు చూపించు నాయనా. నీ బొమ్మే. కోసింది ఎక్కడో నీ కళ్లతో చూశావు."

సేనాపతి చూశాడు. తిప్పాడు. కిటికీ దగ్గరికి వెళ్లాడు. గోటితో తొడ మీద తడిమాడు. వాడు వెనక్కి వచ్చి, భూతద్దం బల్ల మీద పెట్టి, పిన్ని ముందు నిలబడ్డాడు.

"దొరకలేదండీ" అన్నాడు. తర్వాత, "నాది తప్పే. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "వీణ్ణి నాకిచ్చేస్తారా?"

"మీవాడే కదండీ" అంది పిన్ని. "కాకపోతే కాలు జాగ్రత్తగా చూసుకోండి. రేపటిదాకా బరువు వేయకూడదు."

వాడు ఆ ముల్లు తీసుకునేవాణ్ణి తన సైన్యంలో మొదటి వరస ముందు పెట్టుకున్నాడు. ఇంతసేపూ వాడి గురించి తిట్టుకుంటూనే చెప్పాను గానీ, ఆ పనికి వాడంటే నాకు గౌరవం పుట్టింది. అంతమందిలో నాది తప్పని నేనైతే అనగలనో లేదో.

మార్పులకి ఇరవైకి ఇరవై. మాస్టారు హాలు పెట్టిన పదకొండేళ్లలో మొదటిసారి వేశారట. ఆ అంకె ఆయన నల్లబోర్డు మీద రాస్తుంటే బాబాయి ఈల వేశాడు. లిఫ్టుల సందుల్లో పైనున్నవాళ్లకి వినబడేలా వేసే ఈల అది. రెండు బల్లల మీద కొండలు కదిలాయి.

ఇక ఆట సంగతంటారా, మూడు ఆటలూ చిత్తుగా ఓడిపోయింది పిన్ని. కునికేవాణ్ణి కాపాడటానికి ఆరు గుర్రాలనీ పోగొట్టుకుంది. మా అమ్మని ఒక్క అడుగు కూడా ముందుకు జరపలేదు, దెబ్బ తగులుతుందని. ఎదుటివాళ్లు గెలిచి కూడా చిన్నబుచ్చుకున్నారు.

సాయంత్రం మాస్టారు బీరువా తాళంచెవి పిన్ని చేతిలో పెట్టారు. పాత సైన్యాన్ని తీయడానికి సేనాపతే సాయం వచ్చాడు. పిన్ని మూడు అరలూ తడిగుడ్డతో తుడిచింది, పొడిగుడ్డతో తుడిచింది. ఒక్కొక్కణ్ణీ పెట్టింది, జరిపింది, వెనక్కి వెళ్లి చూసింది, మళ్లీ జరిపింది. సోఫాల దుకాణం వాడు కిందనుంచి రెండుసార్లు కేకేశాడు. ఆవిడకి వినబడలేదు.

సోమవారం నుంచి మళ్లీ పళ్లే. బిల్లు మీద మళ్లీ డాక్టరు పేరే. కాకపోతే ఇప్పుడు ప్రతి ఆదివారం పదింటికల్లా పిన్ని హాల్లో ఉంటుంది. దుమ్ము దులపాలని వంక. లేని దుమ్ముని ఎంతసేపు దులుపుతుంది? బీరువా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది.

మొన్న ఆదివారం ఒక నడివయసు జంట మెట్లెక్కి వచ్చి అక్కడ ఆగారు. ఆవిడ అద్దానికి ముక్కు ఆనించి, "అబ్బ, ఇవెవరు చేశారండీ?" అంది మొగుడితో. ఆయనకేం తెలుసు, పాపం.

పిన్ని స్టూలు మీంచి లేచి, కొంగు సర్దుకుని, తాళం తీసింది.

"నేనే చేశాను" అంది. "రండి, దగ్గరగా చూడండి. ఏ మోకాలి గురించి చెప్పమంటారు?"